పాతబడిన సబ్జెక్టు అంటున్నవారికి

సిస్టమ్స్ అనాలిసిస్‌ను సిలబస్‌లోంచి తీసేయాలన్నది ఇవాళ ఎవరో ఒకరిద్దరి మాట కాదు. ప్లేస్‌మెంట్ సెల్‌లో వినిపించేది అదే, అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో చెప్పేది అదే, అమెరికా నుంచి సెలవులకొచ్చిన సీనియర్ సలహా కూడా అదే. ‘ఆ డబ్బాలూ బాణాలూ కంపెనీల్లో ఎవరూ గీయరు. కోడింగ్ మీద కూర్చో. మిగతాది ఉద్యోగంలో చేరాక అదే వస్తుంది.’ ఈ రెండు మూడేళ్లలో దీనికి ఇంకో వాదన తోడైంది. కోడ్ కూడా ఏఐ రాసేస్తోంది కదా, ఇక దానికి ముందు గీసే బొమ్మలెందుకు?

బీటెక్‌లో, ఎంసీఏలో, ఎంబీఏ సిస్టమ్స్‌లో ఉన్న పిల్లలు ఈ మాట నమ్మి, ఆ సబ్జెక్టు గట్టెక్కితే చాలనుకుంటున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నమ్మించిన పెద్దల మీద ఉంది. వాళ్లు చెబుతున్నది తప్పు, దానికి మూల్యం కట్టేది వేరేవాళ్లు. వ్యాపార సంస్థకో ప్రభుత్వ కార్యాలయానికో కట్టిన సాఫ్ట్‌వేర్ కుప్పకూలినప్పుడు వెనక్కి వెళ్లి చూడండి. కోడ్ రాయడం రానివాళ్లు రాసినందువల్ల కూలినవి తక్కువ. అక్కడ పని అసలెలా నడుస్తుందో, ఎక్కడ దారి తప్పుతుందో, తప్పినప్పుడు ఎవరేం చేస్తారో మొదట్లో ఎవరూ కూర్చుని అడగనందువల్ల కూలినవే ఎక్కువ. ఆ అడగడాన్ని ఒక క్రమంలో నేర్పే సబ్జెక్టును పట్టుకుని పాతబడిందంటున్నారు.

ఎదుటివారి చేతిలో ఉన్న బలమైన ఆధారంతోనే మొదలుపెడతాను. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ ఆచార్యురాలు మరియన్ పెట్రె 50 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులను ఇంటర్వ్యూ చేసి 2013లో ఒక పత్రం ప్రచురించారు. వారిలో 35 మంది, ఆ డబ్బాలూ బాణాలూ గీసే యూఎంఎల్‌ను అసలు వాడటం లేదన్నారు. దాన్ని మొదటి నుంచి చివరిదాకా మనసుపెట్టి వాడుతున్నవారు ఒక్కరూ దొరకలేదు. ఈ అంకెలను నేను కాదనను. కానీ యూఎంఎల్ ఒక రాత పద్ధతి మాత్రమే. 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ దాన్ని ప్రమాణంగా స్వీకరించకముందు టామ్ డిమార్కో డేటా ఫ్లో డయాగ్రంలు ఉన్నాయి, వాటికన్నా ముందు పీటర్ చెన్ ఈఆర్ మోడల్ ఉంది. పద్ధతులు వస్తాయి, పోతాయి. యూఎంఎల్ వాడనివాళ్లు మోడల్ చేయడం మానేశారని ఆ అంకెలు చెప్పడం లేదు. ఏ టీమ్ గదిలోకైనా వెళ్లి వైట్‌బోర్డు చూడండి. దాని మీద డబ్బాలూ బాణాలే ఉంటాయి. పేరు లేదు, ప్రమాణం లేదు, అంతే తేడా.

ఆ గీతలు ఏం పని చేస్తాయో చెప్పకుండా వాటి విలువ గురించి ఎంత వాదించినా గాలిలో మాటే. అందుకని చిట్ ఫండ్ కంపెనీని తీసుకుందాం. తెలుగువాళ్లకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. 50 మంది, 50 నెలలు, నెలకు 10,000 చొప్పున 5 లక్షల చిట్టీ. ఒక నెల పాటలో ఒకరు లక్షన్నర తగ్గించుకుని పాడుకున్నారు. అందులో ఫోర్‌మన్ కమీషన్ 5 శాతం లెక్కన 25,000 పోతే మిగిలిన 1,25,000 యాభై మందికీ పంచుతారు. తలకు 2,500 డివిడెండ్. కట్టాల్సింది 7,500. లెక్క ఇంతే. కోడింగ్ బాగా వచ్చిన విద్యార్థికి ఇది ఒక పూట పని. సభ్యులకొక టేబుల్, గ్రూపులకొకటి, చెల్లింపులకొకటి.

ఇప్పుడు మోడల్ గీయడానికి కూర్చుందాం. సభ్యుడికీ గ్రూపుకీ మధ్య గీత గీసి, దాని రెండు కొసల దగ్గరా ‘ఒకటా, అనేకమా’ అన్నది తేల్చాలి. 1976లో చెన్ ప్రతిపాదించిన పద్ధతి మనల్ని అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఒకే మనిషి ఒకే గ్రూపులో రెండు చిట్టీలు వేయొచ్చా? చాలామంది వేస్తారు. ఒక చిట్టీని ఇద్దరు కలిసి చెరి సగం కట్టుకోవచ్చా? అదీ ఉంది. అంటే చందా మనిషి ఖాతాలో కాదు, టికెట్ ఖాతాలో పడాలి. సభ్యుడు వేరు, టికెట్ వేరు. మూడు టేబుళ్లతో మొదలైన డిజైన్ మొదటి గీత దగ్గరే సరిపోకుండా పోయింది.

తర్వాత ఒక టికెట్ బతుకంతా గీద్దాం, మొదటి నెల నుంచి చివరి నెల దాకా ఏయే దశల్లో ఉండగలదో. పదో నెలలో ఒకరు కట్టడం మానేశారు. ఆయన ఇంకా చిట్టీ ఎత్తలేదు. నోటీసు ఇచ్చి తొలగించి, ఆ స్థానంలో మరొకరిని చేర్చుకోవచ్చు. అప్పుడు ఆ టికెట్‌కు పది నెలల చరిత్ర ఒకరిది, మిగతాది ఇంకొకరిది. పాత బకాయి ఎవరు కడతారు? తొలగించినవారు అంతవరకు కట్టిన సొమ్ము ఏ కోతలు పోను, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి? అదే మనిషి చిట్టీ ఎత్తాక కట్టడం మానేస్తే దారి పూర్తిగా వేరు. అక్కడ జామీనుదారులు రంగంలోకి వస్తారు, మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి అడిగే హక్కు వస్తుంది. ఈ రెండింటి మధ్య ఇంకో దశ ఉంది. పాట అయిపోయింది, జామీనులు మాత్రం ఇంకా కుదరలేదు, డబ్బు సభ్యుడి చేతికి రాలేదు. ఆ సొమ్ము విడిగా బ్యాంకులో వేయాల్సి ఉంటుంది. ‘ఎత్తారు, ఎత్తలేదు’ అని రెండే విలువలున్న కాలమ్ పెట్టిన ప్రోగ్రాంలో ఆ టికెట్‌ను ఎక్కడ పెడతారు?

ఇంకొకటి. 2019లో చిట్ ఫండ్స్ చట్టాన్ని సవరించి ఫోర్‌మన్ కమీషన్ గరిష్ఠ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచారు. అప్పటికే నడుస్తున్న గ్రూపులు తమ ఒప్పందంలోని రేటుతోనే సాగాలి, కొత్త గ్రూపు కొత్త రేటు పెట్టుకోవచ్చు. కమీషన్‌ను ప్రోగ్రాంలో ఒకచోట 5 అని రాసినవారు చిక్కుకుపోతారు. రేటు కంపెనీకి సంబంధించిన విషయమా, గ్రూపు ఒప్పందానికి సంబంధించిన విషయమా అని మోడల్ గీసేటప్పుడే అడిగినవారికి ఆ సవరణ వచ్చిన రోజు ఒక అంకె మార్చే పని.

ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా జావాకో పైథాన్‌కో సంబంధించినది కాదు. కోడింగ్ సాధన చేసే లీట్‌కోడ్‌లో ఎన్ని లెక్కలు చేసినా ఇవి తగలవు. అక్కడ సమస్య మొత్తం ముందే రాసి చేతికిస్తారు. ఇక్కడ సమస్య ఏమిటో తెలుసుకోవడమే పని. బ్రాంచి మేనేజరును నేరుగా అడిగినా ఇవన్నీ చెప్పరు. దాచాలని కాదు, ఆయనకవి రోజూ చేసే పనులు కాబట్టి చెప్పాల్సినవిగా తోచవు. కొస దగ్గర ‘ఒకటా, అనేకమా’ అని రాయాల్సి వచ్చిన మనిషి మాత్రం అడగకుండా ముందుకు పోలేడు. గీతలు చేసే పని అదే.

ఇలా అడగడం కంప్యూటర్‌తో పుట్టిన సంగతి కూడా కాదు. లండన్‌లో టీ దుకాణాలూ బేకరీలూ నడిపిన జె. లయన్స్ కంపెనీ తన ఆఫీసు పనుల పద్ధతులను పరిశీలించడానికి 1930లలోనే ఒక పరిశోధన విభాగం పెట్టుకుంది. అదే కంపెనీ తన అవసరాల కోసం లియో అనే కంప్యూటర్‌ను సొంతంగా కట్టుకుని, 1951 నవంబరులో దాని మీద బేకరీ లెక్కలు నడిపింది. వ్యాపార పనికి కంప్యూటర్‌ను రోజువారీగా వాడిన తొలి ఉదాహరణగా చరిత్ర దాన్నే చెబుతుంది. ఆ ప్రోగ్రాముల పని నడిపించిన డేవిడ్ కామినర్ ఆ ఆఫీసు పద్ధతుల విభాగం నుంచి వచ్చినవారే. పెద్ద పెద్ద యంత్రాల కంపెనీలను కాదని ఒక టీ కంపెనీ ఆ పని ముందు చేయగలిగిందంటే, యంత్రం రాకముందే తన పనేమిటో దానికి కాగితం మీద స్పష్టంగా తెలుసు కాబట్టే.

ఎజైల్ పద్ధతి వచ్చి ఇవన్నీ పక్కకు తోసేసిందన్నది ఇంకో వాదన. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే చెప్పేవారు ఆ ప్రకటన చదవలేదు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది కలిసి రాసిన ఎజైల్ మ్యానిఫెస్టో, సమగ్రమైన డాక్యుమెంటేషన్ కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఎక్కువ విలువ ఇస్తామంది. మొదటిదానికి విలువ లేదనలేదు, ఉందని అదే ప్రకటనలో ఒప్పుకుంది. సంతకాలు చేసినవారెవరో చూడండి. మార్టిన్ ఫౌలర్ ‘యూఎంఎల్ డిస్టిల్డ్’, ‘అనాలిసిస్ ప్యాటర్న్స్’ పుస్తకాల రచయిత. అలిస్టర్ కోబర్న్ యూజ్ కేసులు ఎలా రాయాలో చెప్పే ప్రసిద్ధ పుస్తకం రాశారు. స్టీఫెన్ మెల్లర్ పేరు మీద ఒక మోడలింగ్ పద్ధతే ఉంది. కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ 1989లోనే చిన్న చిన్న కార్డుల మీద మోడల్ చేసే సీఆర్‌సీ పద్ధతిని పరిచయం చేశారు. వీళ్లు విసిగిపోయింది ఎవరూ తెరవని వందల పేజీల కట్టల మీద. అడగడం మీద కాదు. యూజర్ స్టోరీ ఒక కార్డు మీద పట్టేంత చిన్నదిగా ఉంటుందంటే, దాని వెనక మాట్లాడుకోవాల్సింది చాలా ఉందని అర్థం. మాట్లాడుకోవడం మానేసి కార్డు మాత్రం ఉంచుకుని దానికి ఎజైల్ అని పేరు పెట్టుకుంటే ఆ 17 మందిదా తప్పు?

రెడీమేడ్ ప్యాకేజీలు ఉండగా మనం విశ్లేషించేదేముంది అనేవారు ఆస్ట్రేలియా వైపు చూడాలి. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖ తన దాదాపు 80,000 మంది సిబ్బంది జీతాల కోసం శాప్, వర్క్‌బ్రెయిన్ అనే ప్యాకేజీలతో కట్టిన వ్యవస్థ 2010 మార్చిలో గో లైవ్ అయింది. రెండూ పేరున్న ప్యాకేజీలే. మొదటి జీతం నుంచే కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, కొందరికి అసలేమీ లేదు. రాత్రి డ్యూటీలు చేసిన నర్సులు అద్దె కట్టుకోలేకపోయారు. 2013లో విచారణ కమిషన్ తేల్చిన దాని ప్రకారం మొత్తం భారం 120 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు చేరుతుంది. కమిషన్ ఎత్తిచూపిన ముఖ్యమైన లోపాల్లో ఒకటి, ఆ శాఖకు ఏమేం కావాలో మొదట్లో సరిగా నిర్ధారించుకోకపోవడం. షిఫ్టులు, అలవెన్సులు, వేర్వేరు వేతన ఒప్పందాలు కలిసి వేల రకాల జీతం లెక్కలు అవుతున్న చోట, అవన్నీ రాసుకోకుండానే పని మొదలైంది. ప్యాకేజీ జీతం లెక్క కట్టగలదు. ఈ ఆసుపత్రిలో ఆదివారం రాత్రి పిలిస్తే వచ్చిన నర్సుకు ఏ లెక్క వర్తిస్తుందో దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

అంత దూరం ఎందుకు, తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణినే తీసుకోండి. 2020 అక్టోబరు 29న మొదలైన ఆ పోర్టల్ గురించి రాజకీయంగా మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, నేను ఆ పనికి పోను. మోడల్ వైపు నుంచి మాత్రమే చూస్తాను. నిషేధిత జాబితాలో పెట్టేది సర్వే నంబరునా, అందులోని బై నంబరునా? ఒక సర్వే నంబరులో కొంత భాగం ప్రభుత్వ భూమి అయితే మిగతా భాగం సొంతదారుల గతేమిటి? ఈ ప్రశ్నకు సరైన జవాబు లేక, కొంత భాగం కోసం మొత్తం సర్వే నంబరు నిషేధంలో పడి, పిల్ల పెళ్లికి ఎకరం అమ్ముకుందామన్నా అమ్ముకోలేకపోయిన రైతులున్నారు. పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారుకూ కాలమ్ ఉండేది. ధరణి రికార్డులో అది లేకుండా పోయింది. ఆ కాలమ్ ఉంచాలా తీసేయాలా అన్నది ప్రభుత్వ విధానం, నిజమే. కానీ అది తీసేస్తే రిజిస్ట్రేషన్ లేని సాదా బైనామా మీద కొనుక్కుని సాగు చేసుకుంటున్నవారు రికార్డులో ఎక్కడా కనిపించరని విధానం ఖరారయ్యే ముందే బల్ల మీద పెట్టగలిగేది మోడలే.

అన్నిటికన్నా ముఖ్యమైనది తప్పు దిద్దుకునే దారి. పేరు తప్పు పడింది, విస్తీర్ణం తగ్గింది, పట్టా భూమి మరో రకంగా ఎక్కింది. ఇలాంటివి జరిగి తీరతాయి. తప్పుగా ఎక్కిన రికార్డు తిరిగి సరైన స్థితికి రావడానికి ఎవరి దగ్గరకు వెళ్లాలి, ఎన్ని మెట్లు, కాదంటే అప్పీలు ఎక్కడ? మొదట్లో ఆ దారులు చాలా పరిమితం. తర్వాత ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో మాడ్యూల్ చేరుస్తూ పోయారు. రికార్డులో తప్పులు దిద్దమని కోరే మాడ్యూల్ టీఎం 33 పేరు పల్లెల్లో కంప్యూటర్ ఎన్నడూ ముట్టనివారి నోటికి కూడా ఎక్కిందంటే ఎంతమంది దాని కోసం తిరిగారో ఊహించుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో భూ భారతి ధరణి స్థానంలోకి వచ్చినప్పుడు ప్రధానంగా చెప్పిన మార్పుల్లో ఒకటి అప్పీలు వ్యవస్థ. స్థితుల బొమ్మ గీయడం నేర్చుకున్న ఏ విద్యార్థినైనా ‘తప్పు అన్న డబ్బాలోంచి బయటికి బాణం ఏది?’ అని అడగమనే నేర్పుతారు.

ఇక ఏఐ. కోడ్ రాయడం తేలికైందన్నది నిజం, నేనూ సంతోషిస్తున్నాను. చిట్ ఫండ్ సాఫ్ట్‌వేర్ కావాలంటే టేబుళ్లు, తెరలు, రిపోర్టులు అది గంటల్లో తయారుచేస్తుంది. చట్టంలోని సెక్షన్లు కూడా దానికి తెలిసే ఉండొచ్చు. కానీ ఈ బ్రాంచిలో కలెక్షన్ ఏజెంటు పదో తారీఖున నగదు తీసుకుని పన్నెండున ఆఫీసులో కడితే, గడువు దాటిందని ఆ సభ్యుడి డివిడెండ్ కోసేయాలా వద్దా? రసీదు తేదీ లెక్కా, జమ తేదీ లెక్కా? ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. బ్రాంచి మేనేజరూ క్యాషియరూ ఏజెంటూ ఒకచోట కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. అడగకపోతే ఏఐ ఏదో ఒకటి తనే ఎంచుకుని, చెప్పకుండా, చక్కగా రాసి ఇస్తుంది. ఇదివరకు తప్పు ఊహ మీద సాఫ్ట్‌వేర్ కట్టాలంటే ఆరు నెలలు పట్టేది, ఆ మధ్యలో ఎవరో ఒకరికి అనుమానం వచ్చే అవకాశం ఉండేది. ఇప్పుడా ఊహ సాయంత్రానికల్లా పనిచేసే తెరలతో ముందుకొస్తుంది. పనిచేస్తున్నదాన్ని ఎవరూ అనుమానించరు. కోడ్ చౌకైన కొద్దీ ఏం కావాలో సరిగా చెప్పగలవారి విలువ పెరుగుతుందని వేరే చెప్పాలా? అలాంటి కాలంలో పిల్లల్ని ఈ చదువు వదిలేయమనడం వాళ్ల నోట్లో మట్టి కొట్టడమే.

ఉద్యోగంలో చేరాక అదే వస్తుందట. రాదు. కొత్తగా చేరినవారి చేతికి ఒక చిన్న పని వస్తుంది, ఎప్పుడో ఎవరో తయారుచేసిన టేబుళ్ల మీద. ఆ టేబుళ్లు అలాగే ఎందుకున్నాయో అడిగే అవసరమూ రాదు, తీరికా ఉండదు. అయిదేళ్లకు వాళ్లకు ఒక కంపెనీ జవాబులు తెలుస్తాయి, ప్రశ్నలు తెలియవు. ఆ తర్వాత బిజినెస్ అనలిస్ట్ ఉద్యోగానికి మారాలనుకుని కొన్ని వారాల కోర్సులో చేరతారు. అక్కడ నేర్పేది టూల్ పేర్లూ టెంప్లేట్లూ.

ఎదుటివారు చెప్పే ఒక్క మాట మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మన కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెబుతున్న తీరు దారుణం. నేను చూసిన కేస్ టూల్స్ ల్యాబ్ రికార్డులన్నిట్లోనూ అవే ఏటీఎం, లైబ్రరీ, రైల్వే రిజర్వేషన్. సీనియర్ రికార్డు చూసి జూనియర్ గీస్తారు. కార్డు పెట్టడం, పిన్ కొట్టడం, డబ్బు రావడం. డబ్బు ఖాతాలోంచి తగ్గి మెషీన్‌లోంచి రాకపోతే ఏమవుతుందో ఒక్క రికార్డులోనూ చూడలేదు. బ్యాంకుకు వెళ్లి ఆ సంగతి అడిగినవారూ లేరు. ఇలాంటి చదువు పనికిరాదని విద్యార్థి అనుకుంటే అది అతని తెలివే. కానీ దానికి మందు సబ్జెక్టును తీసేయడం కాదు, తరగతి గదిలోంచి దాన్ని బయటికి తీసుకెళ్లడం.

ఏ కాలేజీకైనా నాలుగైదు కిలోమీటర్ల లోపు ఒక చిట్ ఫండ్ బ్రాంచి, మార్కెట్ యార్డు, ఆర్టీసీ పార్సిల్ కౌంటరు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటాయి. సహకార సంఘం ఉంటుంది. 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను కంప్యూటరీకరించడానికి 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది కాబట్టి, పాత లెడ్జరు నుంచి కొత్త తెరకు మారుతున్న పనిని కళ్లారా చూసే అవకాశం కూడా పిల్లలకు దగ్గర్లోనే ఉంది. నలుగురేసి విద్యార్థులను ఒక్కో చోటికి పంపండి. మొదటి నెల ఏ టూల్‌నూ ముట్టుకోనివ్వకండి, నోటు పుస్తకం చాలు. ఎరువుల అప్పు ఎలా ఇస్తారు, వాయిదా తప్పితే ఏం చేస్తారు, రైతు చనిపోతే ఆ ఖాతా ఏమవుతుంది, రాసుకు రమ్మనండి. తర్వాత గీయమనండి. గీసినదాన్ని మళ్లీ ఆ గుమస్తా దగ్గరికే తీసుకెళ్లి చూపించమనండి. ఆయన ‘ఇక్కడ ఇలా జరగదు బాబూ’ అని ఎర్ర పెన్నుతో దిద్దుతారు.

ఇందుకు అధ్యాపకులకు తీరిక లేదంటారు, అక్రెడిటేషన్ ఫైళ్లే సరిపోతున్నాయంటారు. ఏటీఎం బొమ్మలు వంద రికార్డుల్లో దిద్దడానికి పట్టే సమయం ఇందుకు సరిపోతుంది. యూనివర్సిటీ అనుమతి కోసం ఆగనక్కర్లేదు, ఇంటర్నల్ మార్కులు అధ్యాపకుల చేతిలోనే ఉన్నాయి. గుమస్తా దిద్దక ముందు బొమ్మ, దిద్దిన తర్వాత బొమ్మ, రెండూ రికార్డులో పక్కపక్కనే అతికించమని, ఆ రెంటికీ మధ్య ఏం మారిందో, ఎందుకు మారిందో వైవాలో అడిగి దానికే మార్కులు వేయొచ్చు. వచ్చే సెమిస్టర్ నుంచే.